ఇంటి అద్దె భత్యం ఎవరి జేబులోకి పోతున్నది?

కరువు భత్యం మూల వేతనంలో 50 శాతానికి చేరిన కారణంగా 2024 జనవరి 1 నుండి కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఇంటి అద్దె భత్యం ఎక్స్ తరగతి నగరాలలో 30 శాతానికి, వై తరగతి పట్టణాలలో 20 శాతానికి, మిగిలిన చోట్ల 10 శాతానికి పెరిగింది. ఇది ఎవరూ దయతలచి ఇచ్చినది కాదు. అంతకుముందు అమలులో ఉన్న రేట్లు కూడా ఇవే. ఏడవ వేతన సంఘం వాటిని 24, 16, 8 శాతాలకు కుదించింది. 2017 జూలైలో ఆ కుదించిన రేట్లు అమలులోకి వచ్చాయి. పోయినది తిరిగి చేతికి రావడానికి ఆరున్నర సంవత్సరాలు పట్టింది. తిరిగి వచ్చింది గనుక దానిని విజయమని చెప్పుకొనుటలో తప్పు లేదు. అయితే ఆ విజయఫలం ఎవరి ఇంటికి చేరినదని అడుగవలసిన సమయం కూడా వచ్చింది.

కలకత్తాలో (2001లో పేరు కోల్‌కతాగా మారినా మనవాళ్ళ నోట అది ఇప్పటికీ కలకత్తాయే) అద్దె ఇళ్ళలో కాపురముంటున్న మన రైల్వే, తపాలా ఉద్యోగులకు సమాధానం తెలుసు. కేంద్ర ప్రభుత్వోద్యోగికి ఇల్లిచ్చే యజమాని భత్యం రేట్లను మనకంటె శ్రద్ధగా లెక్కవేస్తాడు. మూల వేతనమెంత అని ముందే అడుగుతాడు. అందులో నూటికి ముప్పై ఎంతో తానే కట్టి, ఆ అంకె దగ్గర బేరం మొదలుపెడతాడు. దళారీ రుసుము వేరు, అడ్వాన్సు వేరు. పాతకాలపు ఇళ్ళలో సెలామీ అనే తిరిగిరాని సొమ్మొకటి. విద్యుత్తుకు ఇంటిలోపలి ఉపమీటరు ఉంటుంది, యూనిట్ ధర యజమాని చెప్పినంత. ఇన్నీ చెల్లించినవాడు రసీదు మాత్రం అడుగరాదు. అడిగినవానికి వేరే ఇల్లు చూచుకొమ్మనే సమాధానం వస్తుంది.

ఈ నగరంలో అద్దెదారుకు చట్టం లేదా అంటే, ఉన్నది. అద్దె నియంత్రణలో కలకత్తా దేశంలోని తొలి నగరాలలో ఒకటి. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత అద్దెలు మండిపోగా 1920లోనే తాత్కాలికంగా కలకత్తా అద్దె చట్టం వచ్చింది. దేశ విభజన కాలంలో లక్షలాది శరణార్థులు తరలివచ్చిన వేళ 1948లోను, 1950లోను తాత్కాలిక చట్టాలు, వాటి వెనుక 1956లో స్థిరమైన చట్టం వచ్చాయి. యజమాని అద్దె తీసుకొనుటకు నిరాకరించి, ఆపై బకాయి పడ్డావని ఖాళీ చేయించే కుతంత్రానికి విరుగుడుగా, అద్దెను రెంట్ కంట్రోలరు కార్యాలయంలో జమ చేసే హక్కు అద్దెదారుకు లభించింది. వెనుకటి తరం ఉద్యోగులలో ఆ చలాను కాగితాన్ని పెట్టెలో భద్రంగా దాచుకొనని అద్దెదారు అరుదు. 1956 చట్టం స్థానంలో 1997లో చేసిన చట్టం 2001 జూలైలో అమలులోకి వచ్చింది.

ఈ 1997 చట్టంలో మన కంటబడవలసిన నిబంధన ఒకటి ఉన్నది. కలకత్తా, హౌరా కార్పొరేషన్ల పరిధిలో నెల అద్దె 6,500 రూపాయలు దాటిన నివాసాలకు, ఇతర ప్రాంతాలలో 3,000 రూపాయలు దాటిన నివాసాలకు ఆ చట్టం వర్తించదు. దీనిని మన వేతన పట్టిక పక్కన పెట్టి చదవండి. మూడవ స్థాయిలో చేరిన ఉద్యోగి ప్రారంభ మూల వేతనం 21,700. అందులో 30 శాతం 6,510. ప్రభుత్వం ఇచ్చిన భత్యాన్ని ఉన్నదున్నట్లు అద్దెగా చెల్లించిన సోదరుడు పది రూపాయల తేడాతో చట్టం బయట నిలబడతాడు! ఖరగ్‌పూర్‌లో ఆరవ స్థాయి ఉద్యోగి సంగతి చూచినా అంతే. 35,400లో 10 శాతం 3,540, అక్కడి హద్దు 3,000. మూల వేతనం 18,000 ఉన్న మొదటి స్థాయి వారికి కలకత్తాలో వచ్చే 5,400 హద్దు లోపలే ఉన్నది. కాని నలుగురున్న కుటుంబానికి ఆ సొమ్ముకు ఏ పేటలో ఎట్టి గది దొరుకుతుందో ఖిదిర్‌పూర్, మెటియాబ్రుజ్ సందులలో తిరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

చట్టం బయట నిలిచినవానికి మిగిలింది పదకొండు నెలల ఒప్పందం. ఏడాదికి మించిన కౌలు పత్రం తప్పక రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతున్నది. కనుక ఒక నెల తగ్గించి కాగితం రాస్తారు. పదకొండవ నెలలో పెంపు, లేదా పెట్టె సర్దుకొనుట. పిల్లల బడి మధ్యలో ఉన్నదా, ఇల్లాలు నిండు చూలాలా, ఉద్యోగి రాత్రి డ్యూటీలో ఉన్నాడా అన్న విచారణ ఆ కాగితానికి లేదు. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది, లిఖిత ఒప్పందాన్ని తప్పనిసరి చేసింది. ఆ మేరకు మేలే. కాని అద్దె ఎంత ఉండాలన్న ప్రశ్నను అది ఇరుపక్షాల ఇష్టానికే విడిచిపెట్టింది, పైగా రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకొంటే తప్ప అది అమలుకు రాదు.

యజమానుల వైపు న్యాయం లేదని మేము అనుట లేదు. ఉత్తర కలకత్తాలో దశాబ్దాల నాటి నామమాత్రపు అద్దెకు తరాల తరబడి కదలని అద్దెదారులున్న ఇళ్ళున్నవి. వచ్చే అద్దె సున్నానికి కూడా చాలక యజమాని మరమ్మతు మానివేస్తాడు. చివరకు కార్పొరేషన్ వారు ప్రమాదకరమైన ఇల్లని పలక తగిలించిపోతారు. ఆ పలక క్రిందనే కాపురాలు సాగుతుంటాయి. కొత్త కట్టడాల తీరు మరొకటి. 2024 మార్చి 17 రాత్రి గార్డెన్ రీచ్‌లో అనుమతి లేకుండా కడుతున్న ఐదంతస్తుల భవనం పక్కనున్న పేదల ఇళ్ళ మీద కూలి పదిమందికి పైగా మరణించారు. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్న పేట అది.

మనవాళ్ళు ఆ పేటకు ఎందుకు చేరారో కొత్త తరం వారికి ఒక మాట చెప్పవలసి ఉన్నది. వాల్తేరు నుండి హౌరా వరకు ఒకప్పుడు ఒకే కంపెనీ, బెంగాల్ నాగపూర్ రైల్వే. దాని వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో, పెద్ద కచేరీ గార్డెన్ రీచ్‌లో. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల నుండి కూలీలుగా, ఫిట్టర్లుగా, కళాసీలుగా, గుమాస్తాలుగా తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌ను మరో ఉత్తరాంధ్ర పట్టణంగా మార్చాయి. 1927లో అక్కడ ఉద్వాసనలకు వ్యతిరేకంగా జరిగిన పెద్ద సమ్మెలో మన వి.వి. గిరి గారు ముందున్న సంగతి కార్మికోద్యమ చరిత్రలో చేరినదే. ప్రభుత్వం 1944లో కంపెనీని స్వాధీనం చేసుకున్నది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. 2003లో తూర్పు తీర రైల్వేకు పోయేవరకు వాల్తేరు డివిజను గార్డెన్ రీచ్ క్రిందనే ఉండినది. నేడు వచ్చేవారు కంపెనీ కాలపు వలసదారులు కారు, పోటీ పరీక్షలు రాసి వచ్చిన యువకులు, యువతులు. తాతలకు కంపెనీ చూపించిన పాటి నీడ మనుమలకు లేదు.

ఆ నీడ గురించి కూడా నిజం చెప్పుకోవాలి. క్వార్టరు యజమాన్యం చేతిలో కొరడా కూడా. 1974 మే 8 నుండి 27 వరకు సాగిన అఖిల భారత రైల్వే సమ్మెలో కార్మికుల భార్యాబిడ్డలను సామానుతో సహా క్వార్టర్ల నుండి వీధిలోకి నెట్టిన దృశ్యాలు ఆ తరం వారు మరచిపోలేదు. క్వార్టరు వద్దు, భత్యమే ముద్దు అనే భావం మనలో బలపడుటకు ఆ అనుభవం ఒక కారణం. రెండవది, లెక్క. క్వార్టరు తీసుకొన్నవానికి భత్యం మొత్తం పోతుంది, పైగా లైసెన్సు రుసుము కోత పడుతుంది. మూల వేతనం 50,000 ఉన్న ఉద్యోగి కలకత్తాలో నెలకు 15,000 వదులుకొని, కారే కప్పు, ఊడే పెచ్చులు ఉన్న రెండు గదులలో ఎందుకుంటాడు? బయట ఇల్లు చూచుకుంటాడు. ఖాళీ పడిన క్వార్టరును మరమ్మతు చేయరు. చేయలేదు గనుక ఎవరూ చేరరు. ఎవరూ చేరలేదు గనుక కొత్తవి అక్కరలేదని పై అధికారి రాస్తాడు. కొన్నాళ్ళకు ఆ స్థలం మీద ఇంకెవరి కన్నో పడుతుంది.

మేము విభేదించేది ఇక్కడే. భత్యమే చాలునన్న ఈ వైఖరి వలన మన యూనియన్లు శాతాల కొరకు పోరాడుట నేర్చుకొన్నవి, ఇళ్ళ కొరకు పోరాడుట మానుకొన్నవి. ఇళ్ళ సంఖ్య పెరగని చోట శాతం పెరిగితే ఆ పెంపు మన చేతిమీదుగా ప్రయాణం చేసి యజమాని చేతికి చేరుతుంది, అంతే. మనీ ఆర్డరు పంచే పోస్టుమాన్‌కు ఈ సంగతి వేరే వివరించనక్కరలేదు.

అద్దె ఇల్లు వెదకుటలో డబ్బుకు మించిన బాధ ఒకటి ఉన్నది. ముందు ఊరేదని అడుగుతారు. విశాఖపట్నమన్నా, తునియన్నా వినేవారికి మనం మద్రాసీలమే. పెండ్లి కాలేదంటే గది లేదు, ఒంటరి మహిళా ఉద్యోగి అంటే మరిన్ని ప్రశ్నలు. ఒక చోట మాంసాహారులకు ఇవ్వమంటారు. (చేపలేని భోజనముండని ఊరిలో ఈ షరతు వినుట ఒక వింత.) ఇంటిపేరును బట్టి కులం ఆరా తీసేవారు సాధారణంగా మన వైపు వారే కావుట మరింత సిగ్గు. ముస్లిం సోదరుడు పేరు చెప్పగానే, నిన్నటిదాకా ఖాళీగా ఉన్న ఇల్లు ఇవాళ నిండిపోతుంది. ఒకే ముఠాలో పట్టాల మీద పనిచేసేవారు, ఒకే సంచి మోసేవారు, సాయంత్రం ఇల్లు వెదకబోయేసరికి అయిదు తెగలుగా విడిపోతున్నారు. కార్మిక సంఘానికి ఇది పట్టనవసరం లేని విషయమా?

మరొక మాట చెప్పక తప్పదు, కొందరికి నొప్పి కలుగవచ్చు. ఖరగ్‌పూర్‌లో గాని, సాంత్రాగాఛీ పరిసరాలలో గాని పదవీ విరమణ చేసి ఇల్లు కట్టుకొన్న మన సోదరులు ఎందరో పై అంతస్తును అద్దెకిస్తున్నారు. వారి వద్ద అద్దెకుండేది తరచుగా మన జూనియర్లే. వారిలో ఎందరు రసీదు ఇస్తున్నారు? ఎందరు పదకొండు నెలల కాగితం మానుకొన్నారు? ఎర్రజెండా పట్టిన చేతికి అద్దె డబ్బు అందగానే లెక్క మారిపోవుట మేము చూస్తూనే ఉన్నాము.

అద్దె న్యాయంగా నిర్ణయించుట అసాధ్యమని వాదించేవారికి తపాలా శాఖే సమాధానం. దేశంలో అనేక పోస్టాఫీసులు నేటికీ అద్దె భవనాలలో నడుస్తున్నవి. శాఖ భవనాన్ని అద్దెకు తీసుకొన్నప్పుడు దళారీ మాట వినదు. న్యాయమైన అద్దెను అంచనా కట్టే కమిటీ కూర్చుంటుంది, విస్తీర్ణం, స్థలం, సౌకర్యాలు చూచి అంకె తేలుస్తుంది. శాఖకు న్యాయమైన అద్దె ఉన్నది. ఆ శాఖ గుమాస్తాకు మాత్రం మార్కెట్టు ఉన్నది!

ఇట్టి కమిటీ ప్రతి సామాన్యునికీ అందుబాటులో ఉన్న దేశాలు లేకపోలేదు. నెదర్లాండ్స్‌లో 1901 నుండి గృహనిర్మాణ చట్టమున్నది. అక్కడ దశాబ్దాలుగా అద్దె ఇంటికి పాయింట్లు వేస్తారు. గదుల విస్తీర్ణమెంత, వంటగది, స్నానపు గది ఎట్లున్నవి, చలికాలంలో వేడి ఎంత నిలుస్తుంది, ఇంటి విలువెంత అనే లెక్కలన్నీ చేరి ఒక మొత్తమవుతుంది. ఆ మొత్తాన్ని బట్టి గరిష్ఠ అద్దె. ఎక్కువ వసూలు చేస్తే అద్దెదారు రెంట్ కమిషనుకు పోవచ్చు. 2024 జూలై 1 నుండి ఈ అదుపును 186 పాయింట్ల వరకున్న మధ్యతరగతి ఇళ్ళకు కూడా విస్తరించారు. అదే రోజు నుండి గడువు పెట్టి రాసే అద్దె ఒప్పందాలను కొన్ని మినహాయింపులతో రద్దు చేశారు. మన పదకొండు నెలల కాగితానికి అక్కడ చోటు లేదు.

అంతమాత్రాన అది స్వర్గమని మేము నమ్మించబోము. ఆ చట్టం వచ్చిన పిమ్మట లాభం తగ్గిందని అద్దె ఇళ్ళను అమ్మివేసిన యజమానులు అక్కడ అనేకులు. పట్టణాలలో గృహసంఘాల ఇంటికి సంవత్సరాల తరబడి వరుసలో నిలబడాలి. సరిహద్దు పల్లెలలో అద్దెకు దొరికేవే తక్కువ, అక్కడి వారు కొందరు ఇల్లు చౌక అని జర్మనీలోనో, బెల్జియంలోనో కాపురం పెట్టి రోజూ దేశం దాటి పనికి వస్తారు. చట్టముండి ఇళ్ళు చాలకపోతే ఏమగునో ఆ దేశం, ఇళ్ళున్నా చట్టం చాలకపోతే ఏమగునో మన కలకత్తా చూపుతున్నవి.

బెల్జియం అంచున బార్లె-నాసౌ అనే చిన్న మునిసిపాలిటీ ఉన్నది. అక్కడ రెండు దేశాల భూములు ముక్కలు ముక్కలుగా కలిసిపోయి, సరిహద్దు కొన్ని ఇళ్ళ మధ్యనుండి పోతుంది. 2015లో మార్పిడి అయ్యేవరకు మన కూచ్‌బెహార్ వద్ద ఉండిన ఛిట్‌మహళ్ళ వంటివే అవి. అక్కడ ముఖద్వారం ఏ దేశం వైపు తెరుచుకుంటే ఇల్లు ఆ దేశానిది. వినుటకు నవ్వు వస్తుంది గాని, ఆ నియమానికి కనీసం ఇంటితో సంబంధమున్నది. మన భత్యానికి అదీ లేదు. కాపురమున్న ఊరు కాదు, పనిచేసే ఊరు చూచి శాతం తేలుస్తారు. పిల్లల చదువు కొరకు హౌరాలో అద్దెకుండి రోజూ లోకల్ బండిలో ఖరగ్‌పూర్ పనికి పోయే ఉద్యోగికి హౌరా అద్దె, ఖరగ్‌పూర్ శాతం. పశ్చిమ బెంగాల్‌లో వై తరగతి జాబితాలో ఆసన్‌సోల్, దుర్గాపూర్, సిలిగురి ఉన్నవి. ఇన్ని వేల కుటుంబాల రైల్వే పట్టణం ఖరగ్‌పూర్ లేదు.

ఎనిమిదవ వేతన సంఘం విచారణాంశాలను 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. గతసారి జరిగినదే మళ్ళీ జరుగవచ్చును. కరువు భత్యాన్ని మూల వేతనంలో కలిపి, మూల వేతనం పెరిగినది గదా అని అద్దె శాతాన్ని తిరిగి కోయవచ్చును. దానిని ఎదిరించవలసినదే. కాని ఈసారి మన వినతిపత్రంలో శాతమొక్కటే ఉంటే చాలదని మా దృఢాభిప్రాయం. పాడుబడిన క్వార్టర్ల మరమ్మతుకు గడువు కావాలి. ఇంటి స్థితిని బట్టి భత్యం కోత తగ్గాలి, కారే కప్పు క్రింద ఉన్నవానికీ మేలైన ఇంటిలో ఉన్నవానికీ ఒకే కోత అన్యాయం. 2005 చట్ట సవరణతో ఏర్పడిన రైలు భూముల అభివృద్ధి సంస్థ ఏ కాలనీ స్థలాన్నయినా ప్రైవేటు కట్టడందారుకు ఇచ్చేటప్పుడు, అక్కడ ఉద్యోగులకు మిగిలే ఇళ్ళ సంఖ్య పాత సంఖ్యకు తగ్గరాదు. ఆ సంఖ్యను గుర్తింపు పొందిన యూనియన్ల ముందు పెట్టిన తరువాతనే సంతకం జరగాలి. సమ్మె కాలంలో కుటుంబాన్ని క్వార్టరు నుండి తొలగించరాదన్న నిబంధన కూడా రాతపూర్వకంగా రావాలి, లేనిచో 1974ను చూచినవారిని తిరిగి క్వార్టర్లకు రమ్మని మేము పిలువజాలము. తపాలా ఉద్యోగులకు ఉన్న ఇళ్ళే కొద్ది. శాఖ స్థలాలు నగరం నడిబొడ్డున ఉన్నవి గనుక అక్కడ ఇళ్ళు కట్టమనుట అత్యాశ కాదు.

రాష్ట్ర ప్రభుత్వం ముందు పెట్టవలసినది 6,500, 3,000 రూపాయల హద్దుల సవరణ. ఇది ఒక్క ఉద్యోగుల కోరిక కాదు, నగరంలోని జూట్ మిల్లు కార్మికుడు, దుకాణపు గుమాస్తా, ఆటో నడిపేవాడు అందరూ ఆ హద్దు బాధితులే. వారి సంఘాలతో కలిసి అడిగితేనే ఆ మాటకు బరువు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. కనుక ఖరగ్‌పూర్‌లో అద్దె ఒప్పందపు నమూనా పత్రం తెలుగులో కూడా కావాలని అడుగుటకు అడ్డేమీ లేదు. చదువరాని కాగితం మీద వేలిముద్ర వేసిన కళాసీలు ఇంకా ఉన్నారు.

వినతిపత్రంలోకి అంకెలు కావాలి, అవి మన వద్ద నుండే రావాలి. ప్రతి శాఖ కార్యదర్శి తన సభ్యుల వద్ద చెల్లిస్తున్న అద్దె, వస్తున్న భత్యం, ఇచ్చిన అడ్వాన్సు, దళారీ రుసుము, గత మూడేళ్ళలో ఎన్నిసార్లు ఇల్లు మారవలసి వచ్చినదన్న వివరాలు రాయించి ఫెడరేషన్ కార్యాలయానికి పంపవలసినదిగా కోరుతున్నాము. క్వార్టరులో ఉన్నవారు కప్పు, నీరు, మరుగుదొడ్డి స్థితిని రాయాలి. తమ ఇంటిలో తోటి ఉద్యోగికి అద్దెకిచ్చిన సభ్యులు కూడా అదే పట్టికను పూరించాలి. అద్దె రసీదు ఉన్నవారు దాని నకలు జతపరచాలి. లేనివారు లేదనే రాసి, ఎన్నిసార్లు అడిగారో పక్కన వేయాలి.